ఓర్లాండో పార్కుల మధ్య ఒక్కరోజు బీచ్: ఏడుగురం, ఏ ఒడ్డుకి వెళ్ళాలి?

డాలస్_బాబాయ్:

అందరికీ నమస్తే. జూన్ ఆఖరి వారం ఫ్లోరిడాలోని ఓర్లాండో వెళ్తున్నాం. డిస్నీకి మూడు రోజులు, యూనివర్సల్‌కి రెండు రోజులు టికెట్లు కొనేశాం. మధ్యలో బుధవారం ఖాళీ ఉంచాం, ఆ రోజు బీచ్‌కి. బస కిసిమ్మీలో 192 రోడ్డు మీద, డిస్నీ వైపు చివర్లో అద్దె ఇల్లు. ఏడు సీట్ల వ్యాన్ ఎయిర్‌పోర్టులో తీసుకుంటాం.

వచ్చేవాళ్ళు: మేమిద్దరం, 9 ఏళ్ళ పాప (ఈత వచ్చు, కానీ పూల్‌లో నేర్చుకున్న ఈతే), 3 ఏళ్ళ బాబు, అమ్మానాన్న, మా అత్తగారు. నాన్నకి సముద్రం కొత్త కాదు, మాది బాపట్ల వైపు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, ఇసకలో ఎక్కువ దూరం నడవలేరు. అమ్మ చీర తప్ప ఇంకోటి కట్టదు.

ఎవరినడిగినా క్లియర్‌వాటర్ అంటున్నారు, తెల్ల ఇసక, నీలం నీళ్ళు అని. మ్యాప్‌లో చూస్తే కోకో బీచ్ దగ్గరగా ఉంది. డేటోనా పేరు కూడా వినపడుతోంది. ఏది మేలు? రెండోది, వాట్సాప్‌లో సొరచేపల వీడియోలు చూసి అమ్మ హడలిపోతోంది, అక్కడ నిజంగా అంత ఉంటాయా? మూడోది, సాయంత్రం ఆరింటికల్లా ఇంట్లో ఉండాలి. మర్నాడు పార్కు గేటు తీసేసరికి అక్కడుండాలి మరి.

కేప్_కోస్తా:

మీ మూడో షరతు చూశాక క్లియర్‌వాటర్ కొట్టేయొచ్చండి. ఓర్లాండో ఫ్లోరిడా రాష్ట్రం నడిమధ్యన ఉంది, ఎటు వెళ్ళినా గంట పైనే. మీ ఇంటి నుంచి అట్లాంటిక్ వైపు కోకో బీచ్ సుమారు 70 మైళ్ళు, గంటా ఇరవై నిమిషాలు. పడమట గల్ఫ్ (మెక్సికో సింధుశాఖ) వైపు క్లియర్‌వాటర్ సుమారు 95 మైళ్ళు. కాగితం మీద తేడా పాతిక మైళ్ళే. కానీ ఆ పాతిక మైళ్ళ వెనక ఐ-4 హైవే ఉంది. డిస్నీకీ యూఎస్ 27కీ మధ్య ఆ రోడ్డు ఎప్పుడు బిగుసుకుంటుందో ఎవరూ చెప్పలేరు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు రెండున్నర, మూడు గంటలు పట్టినా ఆశ్చర్యపోనక్కర్లేదు. కోకో వైపు అలా కాదు. 417 ఎక్కి, విమానాశ్రయం దాటాక 528 పట్టుకుంటే నేరుగా సముద్రం దగ్గర దింపుతుంది. టోల్ రోడ్లే, అందుకే ఖాళీగా ఉంటాయి.

జీపీఎస్‌లో మాత్రం "కోకో బీచ్" అని కొట్టకండి. అది ఊరి మధ్యలో ఎక్కడో వదిలేస్తుంది, పార్కింగ్ కోసం తిరగడంలోనే అరగంట పోతుంది. పార్కు పేరు కొట్టండి. మీకు పనికొచ్చేవి రెండు.

ఒకటి జెట్టీ పార్క్. 528 చివర, పోర్ట్ కెనావరల్ పక్కనే. గేటు దగ్గర కారుకింత అని తీసుకుంటారు, బయటి కౌంటీ (మన జిల్లాలాంటిది) కారుకి రేటు ఎక్కువ. బాత్రూములు, షవర్లు, పిల్లల ఆటస్థలం, నీడలో కూర్చుని తినడానికి బల్లలు ఉన్నాయి. రేవు ముఖద్వారం పక్కన సముద్రంలోకి పొడుగ్గా, వంతెనలా కట్టిన చేపలు పట్టే పియర్ ఉంది. దాని మీద చదునుగా నడక, ఇసక తొక్కే పనే లేదు. మీ అత్తగారికి సరిపోయేది ఇదే, పక్క నుంచి వెళ్ళే ఓడలు చూస్తూ కూర్చోవచ్చు. ఇసకలో దొర్లే లావు చక్రాల వీల్‌ఛెయిర్ కూడా ఇస్తారు, ముందురోజే ఫోన్ చేసి ఉందో లేదో కనుక్కోండి.

రెండోది లోరీ విల్సన్ పార్క్, ఇంకాస్త దక్షిణంగా. దీని గొప్ప చెట్లు. ఫ్లోరిడా బీచుల్లో నీడ దొరకడం కష్టం, ఇక్కడ తీరపు అడవి కొంత మిగిల్చి అందులోంచి చెక్క బాట వేశారు. పెద్దవాళ్ళు అక్కడ, పిల్లలు నీళ్ళ దగ్గర. కోకో బీచ్ పియర్ (1962లో కట్టింది) ఫొటోలకి బావుంటుంది గానీ, పార్కింగ్ ఖరీదు, జనం ఎక్కువ. చిన్నపిల్లలతో రోజంతా ఉండే చోటు కాదు.

నా ఓటు జెట్టీ పార్క్‌కి. ఒక్క హెచ్చరిక: రాళ్ళ జెట్టీ (రేవు ముఖద్వారం పక్కన పేర్చిన రాళ్ళ గట్టు) పక్కన ఆడనివ్వకండి. జెట్టీలు, పియర్ల పక్కన నీళ్ళు లోపలికి లాగుతాయి. కనీసం 100 అడుగుల దూరం వదిలి దక్షిణంగా జరగండి.

టాంపా_తులసి:

కేప్ గారు దూరం గురించి చెప్పింది నిజమే. కానీ నీళ్ళ సంగతి దాటేశారు. 3 ఏళ్ళ బాబుకి గల్ఫ్‌కి మించింది లేదు. అట్లాంటిక్ వైపు మామూలు రోజున కూడా మోకాలెత్తు, నడుమెత్తు అల వచ్చి పిల్లాణ్ణి పడేస్తుంది. క్లియర్‌వాటర్‌లో గాలి లేని రోజు నీళ్ళు చెరువులా ఉంటాయి, చాలా దూరం వరకూ లోతు ఉండదు. ఆ ఇసక దాదాపు అంతా క్వార్ట్జ్, అందుకే అంత తెలుపు, ఎండలో కూడా మిగతా ఇసకల్లా కాళ్ళు కాలవు.

అయితే మీ అత్తగారికి అదే చిక్కు. ఆ ఇసక పంచదారలా మెత్తన, అడుగు దిగబడిపోతుంది. ఒడ్డు బాగా వెడల్పు, కారు దగ్గర్నుంచి నీళ్ళ దాకా మోకాళ్ళ నొప్పులవాళ్ళకి యాతన. ఫొటోల్లో ఇది కనపడదు. వెళ్తే గనక పియర్ 60 పక్క గోల వదిలేసి, వంతెన దాటి దక్షిణాన శాండ్ కీ పార్క్‌కి వెళ్ళండి. పార్కింగ్ పెద్దది, షవర్లు దగ్గర.

జూన్‌లో గల్ఫ్‌లో దిగేవాళ్ళు కాళ్ళు ఎత్తి ఎత్తి వెయ్యకూడదు. ఇసకని రాసుకుంటూ, ఈడుస్తూ నడవాలి. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా స్టింగ్‌రేలు, మన టేకు చేపల జాతే, లోతు లేని చోట ఇసక కింద దాక్కుంటాయి. కాలు ఈడిస్తే అదురుకి తప్పుకుపోతాయి, తొక్కితేనే ముల్లు దిగుతుంది. దిగితే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళల్లో అరగంట నుంచి గంటన్నర కాలు పెట్టి ఉంచాలి, వేడికి విషం తీవ్రత తగ్గుతుంది. ఐస్ పెట్టకండి. లైఫ్‌గార్డుని పిలవండి, ముల్లు లోపల విరిగితే ఆస్పత్రే.

అసలు నన్నడిగితే, ఒక్కరోజులో వెళ్ళి రావడానికి క్లియర్‌వాటర్ పెట్టుకోవద్దు. ట్రిప్ చివరి రాత్రి అక్కడ బస చేసి, టాంపా ఎయిర్‌పోర్టు నుంచి డాలస్ ఎక్కండి. ఒడ్డు నుంచి ఎయిర్‌పోర్టు 20 మైళ్ళు. వ్యాన్ ఓర్లాండోలో తీసుకుని టాంపాలో వదిలితే ఎక్స్‌ట్రా ఎంతో ముందే చూసుకోండి, ఒక్కోసారి ఏమీ ఉండదు, ఒక్కోసారి వాచిపోతుంది.

వొలూషియా_వాసు:

డేటోనా, దాని దక్షిణాన న్యూ స్మిర్నా బీచ్ సంగతి నేను చెప్తా. రెండూ వొలూషియా కౌంటీవే.

ఇక్కడ ఇసక గట్టిగా అణిగి ఉంటుంది, ఒడ్డు చదును. వెనకటికి కార్ల పందేలు ఈ ఇసక మీదే జరిగేవి, 1959లో స్పీడ్‌వే తెరిచాక అటు వెళ్ళాయి. ఇప్పటికీ కొన్ని భాగాల్లో డబ్బు కట్టి కారు ఒడ్డు మీదికే తీసుకెళ్ళొచ్చు. మోకాళ్ళ నొప్పులవాళ్ళకి ఇంతకన్నా సుఖం లేదు: తలుపు తీస్తే ఎదురుగా సముద్రం. మే నుంచి అక్టోబర్ దాకా పొద్దున 8 నుంచి సాయంత్రం 7 వరకు, అదీ పోటు ఒప్పుకుంటేనే. స్పీడు గంటకి 10 మైళ్ళు, హెడ్‌లైట్లు వెయ్యాలి, డ్రైవరు పక్క అద్దం దించాలి.

మీకు మాత్రం వద్దంటాను. ఆ 3 ఏళ్ళ బాబు వల్ల. నీళ్ళకీ మీ గొడుక్కీ మధ్యనో, గొడుగు వెనకనో కార్లు తిరుగుతూ ఉంటాయి. అలల హోరులో కారు చప్పుడు వినపడదు, ఇసకలో కూర్చున్న పిల్లాడు డ్రైవరుకి కనపడడు. కార్లు రానివ్వని భాగాలూ ఉన్నాయి, కానీ అక్కడికి వెళ్తే మీకు దక్కే లాభమూ పోయినట్టే. పైగా అద్దె కారు ఇసకలోకి తీసుకెళ్ళడం చాలా కంపెనీల ఒప్పందంలో నిషేధం. ఉప్పునీళ్ళు తగిలినా, కూరుకుపోయినా ఖర్చు మీ మీదే.

ఇక సొరచేపలు. మీ అమ్మగారికి ఇలా చెప్పండి. ఫ్లోరిడాలో 2023లో ఎవరూ రెచ్చగొట్టకుండా జరిగిన సొరచేప కాట్లు 16, అందులో 8 మా వొలూషియాలోనే. ఏడాదంతా లక్షల మంది దిగే నీళ్ళల్లో. ఎక్కువగా కరిచేది బ్లాక్‌టిప్ అనే చిన్న జాతి. పాన్స్ ఇన్‌లెట్ (సముద్రపు నీళ్ళు లోపలికి వచ్చే సందు) దగ్గర చిన్న చేపల గుంపులు, బురద నీళ్ళు, సర్ఫర్లు ఒక్కచోట కలుస్తారు. ఆ సొరచేప అరిపాదాన్ని చేపనుకుని ఒకసారి కొరికి వదిలేస్తుంది. కాబట్టి నీళ్ళు మసకగా ఉన్నచోట, చేపలు ఎగురుతూ పక్షులు మునుగుతున్నచోట, ఎవరైనా గాలం వేస్తున్నచోట దిగొద్దు. వేకువన, మునిమాపున దిగొద్దు. మెరిసే పట్టీలు, గొలుసులు తీసేయండి, చేప పొలుసుల్లా తళుక్కుమంటాయి.

జెట్టీ పార్క్ పియర్ మీద కూడా గాలాలు వేస్తారు. కేప్ గారు చెప్పిన 100 అడుగులకి ఇదో కారణం కలుపుకోండి.

డాలస్_బాబాయ్:

అందరికీ థాంక్స్ అండి. అయితే జెట్టీ పార్కే. ఇంకో సందేహం. ఫోన్‌లో వాతావరణం చూస్తే జూన్ ఆఖరి వారం రోజూ ఉరుము బొమ్మే చూపిస్తోంది. రోజంతా వానైతే వెళ్ళి ఏం లాభం?

మబ్బులమేస్త్రి:

ఆ బొమ్మని పట్టించుకోకండి, ఫ్లోరిడాలో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అది రోజూ ఉంటుంది. చూడాల్సింది గాలి దిక్కు.

ఇక్కడ రెండు పక్కలా సముద్రం. పొద్దెక్కేకొద్దీ నేల వేడెక్కి రెండు తీరాల నుంచీ సముద్రపు గాలి లోపలికి తోసుకొస్తుంది. అవి రెండూ గుద్దుకున్నచోట ఉరుముల వాన. ఆ రోజు పైగాలి తూర్పు నుంచి వీస్తే గుద్దులాట పడమటికి జరిగిపోతుంది. అంటే మధ్యాహ్నం టాంపా, క్లియర్‌వాటర్ తడుస్తాయి, కోకో వైపు మబ్బు విడిచి ఎండ కాస్తుంది. పైగాలి నైరుతి నుంచి వస్తే సరిగ్గా తిరగబడుతుంది: గల్ఫ్ వైపు బావుంటుంది, కోకోలో రెండు మూడు గంటలకల్లా ఉరుములు. ముందురోజు రాత్రి నేషనల్ వెదర్ సర్వీస్ (ప్రభుత్వ వాతావరణ శాఖ) వాళ్ళ ఫ్లోరిడా మెల్‌బర్న్ ఆఫీసు పేజీలో ఫోర్‌కాస్ట్ వాక్యాలు చదవండి, బొమ్మలు కాదు. గాలి నైరుతి అని రాస్తే ఓ గంట ముందు బయల్దేరి ఒంటిగంటకల్లా సర్దేయండి.

ఆ నైరుతి గాలికి ఇంకో గుణం ఉంది. ఒడ్డు నుంచి సముద్రంలోకి వీస్తుంది కనక నీళ్ళు నున్నగా, ముచ్చటగా కనపడతాయి. పిల్లలు గాలి నింపిన ట్యూబు, హంస బొమ్మ ఎక్కుతారు. రెండు నిమిషాల్లో అది ఈదుకుంటూ పట్టుకోలేనంత దూరం కొట్టుకుపోతుంది. వాటిని ఇంట్లో పూల్‌కే ఉంచండి.

ఉరుము వినపడిందంటే లెక్కలు వెయ్యకుండా కార్లోకి వెళ్ళండి. గొడుగు కింద, టెంటు కింద, చెక్క షెడ్డు కింద కాదు. ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగి అప్పుడు దిగాలి.

అదే ఆఫీసు సర్ఫ్ జోన్ ఫోర్‌కాస్ట్ (ఒడ్డు దగ్గరి అలల సూచన) కూడా ఇస్తుంది. అందులో రిప్ కరెంట్ (ఒడ్డు నుంచి సముద్రంలోకి లాగే ప్రవాహం) ముప్పు తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడు మెట్లుంటాయి. ఎక్కువ అని ఉంటే చిన్నపిల్లల్ని చీలమండల లోతు దాటనివ్వకండి, ఆకాశం ఎంత నీలంగా ఉన్నా సరే.

కేప్_కోస్తా:

మేస్త్రి గారు రిప్ సంగతి ఎత్తారు కాబట్టి, బాపట్ల సముద్రం తెలిసిన మీ నాన్నగారికి కూడా ఇది చూపించండి.

పియర్ మీద నిలబడి ఐదు నిమిషాలు నీళ్ళు చూడండి. అలలు వరసగా విరుగుతూ తెల్ల గీత కడతాయి. ఆ గీత మధ్యలో ఒకచోట తెగి, అక్కడ నీళ్ళు ప్రశాంతంగా, కాస్త ముదురుగానో ఇసక రంగులోనో కనపడి, నురగ లోపలికి జారుతుంటే, అదే రిప్. చూడని వాళ్ళు "ఇక్కడ అలలు లేవు, పిల్లలకి బావుంది" అని అక్కడే దింపుతారు. అలలు నీళ్ళ కింది ఇసక దిబ్బ దాటి ఒడ్డు వైపుకి తోసిన నీళ్ళన్నీ తిరిగి పోవడానికి ఆ సందే దారి. నీళ్ళు బాగా తీసిన వేళ ఆ సందులో లాగుడు పెరుగుతుంది.

చిక్కుకుంటే అది నీళ్ళ కిందికి లాగదు, దూరంగా తీసుకెళ్తుంది అంతే. ఒడ్డుకి ఎదురీదితే అలిసిపోయి మునుగుతారు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, లాగుడు వదిలాక ఏటవాలుగా రావాలి. పక్కకి కూడా ఈదలేకపోతే తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. మీ పాప పూల్‌లో నేర్చిన ఈతతో దీన్ని దాటలేదు. ఆమె నడుము లోతు దాటకూడదు, ఎవరో ఒక పెద్ద ఆమెకన్నా లోతు పక్కన నిలబడాలి. బాబు దగ్గరికి ఎప్పుడూ చెయ్యి చాపితే అందేంత దూరమే. కాపలా పెద్దల్లో ఒకరికి ఒప్పజెప్పి, ఇరవై నిమిషాలకి మార్చుకోండి. "అందరూ చూస్తున్నారు" అంటే ఎవరూ చూడట్లేదనే.

లైఫ్‌గార్డు టవర్ ఎదురుగానే గొడుగు పాతండి. జెండాలు: ఆకుపచ్చ పర్లేదు, పసుపు జాగ్రత్త, ఎరుపు ప్రమాదం, రెండు ఎర్రజెండాలుంటే నీళ్ళల్లోకి అసలు దిగకూడదు. ఊదా రంగుంటే జెల్లీఫిష్‌లాంటి కుట్టే జీవులున్నాయని.

టైడ్ టేబుల్ కూడా చూసుకోండి. ఇక్కడ ఆటుకీ పోటుకీ తేడా మూడున్నర, నాలుగు అడుగులు. నీళ్ళు తీసినప్పుడు గట్టి ఇసక బయటపడి మీ అత్తగారు కూడా నీళ్ళ అంచుదాకా రాగలరు. ఒడ్డుకి, దిబ్బకి మధ్య గుంటల్లో నీళ్ళు నిలుస్తాయి. ఒడ్డున తెగిపోయి నిలిచిన గుంట అయితే బాబుకి అదే స్విమ్మింగ్ పూల్. సముద్రంలోకి సందు ఉన్న గుంట అయితే మాత్రం పైన చెప్పిన రిప్‌కి అదే మొదలు, తేడా చూసుకోండి.

విండర్‌మియర్_అక్క:

సముద్రం పాఠాలు అయ్యాయి కాబట్టి నేను వంటింటి వైపు నుంచి వస్తా.

ముందు చీర. మీ అమ్మగారిని పాదాలు తడిసేదాకే రమ్మనండి. తడిసిన చీర బరువెక్కి కాళ్ళకి చుట్టుకుంటుంది, మోకాలి లోతు అలలో పడితే లేవడం కష్టం, పక్కవాళ్ళకి లేపడమూ కష్టం. దిగాలని ముచ్చటగా ఉంటే చుడీదార్ వేసుకోమనండి, చున్నీ లేకుండా. ఇక్కడ ఎవరూ ఎవరినీ చూడరు.

బాబుకి మామూలు డయపర్ వద్దు. నీళ్ళు పీల్చి ఉబ్బి జారిపోతుంది. స్విమ్ డయపర్ కొనండి, అది నీళ్ళు పీల్చదు, కాబట్టి కారు ఎక్కేముందు మళ్ళీ మామూలుది వెయ్యడం మర్చిపోకండి, లేకపోతే సీటు పని అయిపోతుంది. చేతులకి తొడిగే గాలి బుడగలు ఆటబొమ్మలే, ప్రాణరక్షణ కాదు. 30 నుంచి 50 పౌండ్ల సైజు, కోస్ట్ గార్డ్ ఆమోదం అని ముద్ర ఉన్న లైఫ్ జాకెట్ తీసుకోండి. తొడిగి భుజాల దగ్గర పట్టి పైకెత్తి చూడండి, చెవుల దాకా జారితే వదులు. పిల్లల బట్టలు నారింజో, ముదురు గులాబీయో ఉండాలి. నీలం, తెలుపు, బూడిద రంగులు నీళ్ళల్లో కలిసిపోతాయి.

తిండి: పులిహోర నిశ్చింత. చింతపండు, నూనె, ఆవాలు కలిసి మధ్యాహ్నం దాకా కదలదు. దద్దోజనం మాత్రం రైలు ప్రయాణాల పద్ధతిలో పాలు పోసి, తోడు వేసి పట్టుకెళ్ళకండి. కూలర్లో ఐస్ మధ్య అది తోడుకోదు, పాల అన్నంలాగే ఉంటుంది. బయట పెడితే వ్యాన్ వేడికి పులిసిపోతుంది. తోడుకున్న పెరుగుతోనే కలిపి, చల్లారాక, మూత గట్టి డబ్బాలో పెట్టి, ఐస్ కిందా పైనా వచ్చేట్టు సర్దండి. 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన ఎండలో బయట పెట్టిన అన్నం గంట తర్వాత ఎవరికీ పెట్టొద్దు. తాగే నీళ్ళకి వేరే కూలర్ పెట్టండి, ఊరికే తెరుస్తూ ఉంటే తిండి కూలర్‌లో ఐస్ నిలవదు. ముందురాత్రి నీళ్ళ సీసాలు సగం ఫ్రీజర్లో పెడితే అవే ఐస్. గాజు సీసాలు ఒడ్డుకి తేకండి, ఆవకాయ సీసా ఇంట్లోనే. జంతికల డబ్బా మూత తీసి పక్కకి తిరిగితే గల్ పక్షులు దోచుకుపోతాయి, ఒక్కటి విసిరారా, ఇరవై దిగుతాయి.

సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30 పైన ఉన్నది, ఇంట్లోనే, దిగడానికి కనీసం పావుగంట ముందు. మళ్ళీ రెండు గంటలకి, నీళ్ళల్లోంచి వచ్చినప్పుడల్లా. మన రంగుకి ఎండ అంటుకోదని పెద్దవాళ్ళు అంటారు. చెవుల అంచులు, పాదాల పైభాగం, నాన్నగారి నెత్తి, ఈ మూడూ సాయంత్రానికి జవాబు చెప్తాయి. గొడుగు కర్ర అడుగున్నర లోతు తగ్గకుండా తిప్పుతూ దింపి, గాలి వచ్చే వైపుకి వాల్చండి. ఊరికే గుచ్చితే ఎగిరి వెళ్ళి ఎవరికో తగులుతుంది.

ఇంకోటి, పిల్లలు తవ్విన గుంటలు వచ్చేముందు పూడ్చెయ్యండి. జూన్ అంటే తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం, రాత్రి ఒడ్డెక్కిన తాబేలు గుంటలో పడితే బయటికి రాలేదు. కర్రలు పాతి టేపు చుట్టినవి తాబేలు గూళ్ళు, అటు వెళ్ళనివ్వకండి. కాళ్ళకంటిన ఇసకకి బేబీ పౌడర్ చల్లి తుడవండి, పొడిగా రాలిపోతుంది.

పార్కుపిచ్చి:

బాబుకి ఇసక, నీళ్ళు కావాలి, పెద్దవాళ్ళకి నీడ కావాలి, ఆరింటికి ఇంట్లో ఉండాలి అంటున్నారు. ఇదంతా టైఫూన్ లగూన్‌లో దొరుకుతుంది కదా? డిస్నీ వాటర్ పార్కే, ఇసక ఒడ్డు, అలల పూల్ ఉన్నాయి, ఇంటికి దగ్గరే. వెళ్ళేముందు ఆ తేదీన తెరిచి ఉందో లేదో చూసుకోండి, డిస్నీ వాళ్ళ రెండు వాటర్ పార్కుల్లో ఒక్కోసారి ఒకటి మూసేసి మరమ్మతులు చేస్తుంటారు. కాకపోతే ఏడుగురి టికెట్లు వేసుకుంటే బీచ్ పార్కింగ్‌కి ఎన్ని రెట్లో మీరే లెక్కపెట్టండి. బీచ్ రోజు జెండా రెండు ఎరుపులైతే ఇది ప్లాన్ బి.

రైలుబండి:

డ్రైవింగ్ లేకుండా కుదరదా? ఓర్లాండో ఎయిర్‌పోర్టు నుంచి బ్రైట్‌లైన్ రైలు ఉంది కదా.

కేప్_కోస్తా:

అది 2023 సెప్టెంబర్ నుంచి మయామీ వైపు నడుస్తోంది. కోకో దగ్గర పట్టాలు తీరం వెంట దక్షిణానికి తిరుగుతాయి గానీ రైలు అక్కడ ఆగదు, ఓర్లాండో వదిలితే మళ్ళీ వెస్ట్ పామ్ బీచే. ఏడుగురికీ ఈ రూటుకి వ్యానే.

డాలస్_బాబాయ్:

జెట్టీ పార్క్ ఖాయం. ఇంటి నుంచి ఏడింటికి బయల్దేరతాం. టోల్స్ సంగతి ఒక్కటి చెప్పండి. అద్దె వ్యాన్‌లో టోల్ ట్యాగ్ పెట్టుకుంటే రోజుకింత అని వేస్తారట. టోల్ లేని రోడ్డు ఉందా? నాన్న ఓడలు చూస్తానంటున్నారు, ఎన్నింటికి కదులుతాయి?

కేప్_కోస్తా:

టోల్ లేని రోడ్డు మీ ఇంటి ముందే ఉంది. అదే 192 తూర్పుకి పట్టుకుని సెయింట్ క్లౌడ్, హోలోపా మీదుగా పోతే మెల్‌బర్న్ దాటి ఇండియలాంటిక్‌లో సముద్రం దగ్గర ఆగుతుంది. కానీ కిసిమ్మీ, సెయింట్ క్లౌడ్ దాటేదాకా సిగ్నళ్ళే సిగ్నళ్ళు, పైగా అక్కడినుంచి జెట్టీ పార్క్ ఉత్తరాన చాలా దూరం. చిన్నపిల్లలతో వద్దు, టోల్ కట్టేయండి.

అద్దె కంపెనీ ట్యాగ్ బదులు విజిటర్ టోల్ పాస్ తీసుకోండి. ఓర్లాండో ఎయిర్‌పోర్టుకి వచ్చి కారు అద్దెకి తీసుకునేవాళ్ళ కోసమే అది, ట్యాగ్ ఉచితం, వాడిన టోల్స్‌కే డబ్బు. బయల్దేరేముందే యాప్‌లో కార్డు వివరాలతో బుక్ చేసుకోవాలి. ఎయిర్‌పోర్టులో మెషీన్ నుంచి ట్యాగ్ వస్తుంది, అద్దం దగ్గర తగిలించుకోవడమే. వ్యాన్ నంబరు ప్లేటు యాప్‌లో సరిగ్గా ఎక్కించండి, ఒక్క అక్షరం తప్పినా బిల్లు అద్దె కంపెనీకి పోయి వాళ్ళ ఫీజుతో కలిపి తిరిగొస్తుంది. కంపెనీ పెట్టిన ట్యాగ్ డబ్బా అద్దానికి అంటించి ఉంటే దాని మూత మూసి ఉందో లేదో చూడండి, తెరిచుంటే రెండూ చదివేస్తాయి.

ఓడలు మామూలుగా మధ్యాహ్నం నాలుగు ప్రాంతంలో కదలడం మొదలెడతాయి, జెట్టీ పక్కనుంచే పోతాయి. రేవు వెబ్‌సైట్లో ఆ బుధవారం ఏవి ఉన్నాయో చూడండి, శని ఆదివారాలంత ఉండవు. నాలుగుంపావుకి ఒకటి చూసి వెంటనే బండెక్కితే ఆరింటికి చేరతారు, కానీ అప్పుడు మధ్యాహ్నపు ఉరుములు దాటాలి. గాలి తూర్పుదైతే ఆగండి, నైరుతిదైతే ఒంటిగంటకి వచ్చేయండి. పక్కనే ఉన్న కేప్ కెనావరల్ నుంచి రాకెట్ ప్రయోగం ఏదైనా అదే రోజు పెట్టారేమో కూడా ముందురోజు చూసుకోండి. ఉంటే పొద్దున్నే గేటు దగ్గర క్యూ, అయిపోయాక 528 మీద ఓర్లాండో వైపు కార్లు నత్తనడకే.

ట్యాగ్ మాత్రం వ్యాన్ తిరిగిచ్చే రోజు అందులోనే వదిలేయకండి. దాని కోసం ఎయిర్‌పోర్టులో డ్రాప్ బాక్సులున్నాయి, సామాను దింపేటప్పుడే అద్దం దగ్గర్నుంచి తీసి చేతిలో పెట్టుకోండి.